స్వయంపాకంలో 'స్వయం' ఎవరండీ?

ఇంగ్లండులో సెలవులకు అద్దెకిచ్చే ఇళ్ళ ప్రకటనల్లో వొక మాట తరచు కనిపిస్తుంది. 'సెల్ఫ్ కేటరింగ్' అని. పల్లెపట్టున, పొలాల మధ్య, రైతు తన పాత పశువుల కొట్టాన్ని బాగుచేయించి, పడకగదులూ వంటగదీ అమర్చి, కాటేజీ అని పేరు పెట్టి వారానికింత అని అద్దెకిస్తాడు. వండిపెట్టే మనిషి మాత్రం వుండదు. పొయ్యి వుంది, గిన్నెలున్నాయి, ఫ్రిజ్జుంది, మీ తిండి మీరు చూసుకోండి. అంతే దాని అర్థం.

మనకిది కొత్తేమీ కాదు. దీనికి మన దగ్గర ఏనాటినుంచో చక్కని మాట వుంది. స్వయంపాకం! మడీ ఆచారం పాటించే పెద్దలు ఊరుగాని ఊరు వెళితే పరాయి చేతి వంట ముట్టేవారు కాదు. ఆ ఇంటివాళ్ళు బియ్యం, కందిపప్పు, రెండు కూరగాయలు, కాస్త చింతపండు, నెయ్యి ఇచ్చి పెరట్లో చోటు చూపిస్తే, స్నానం చేసి, మడి కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి మీద తామే అత్తెసరు పడేసుకుని తినేవారు. ఆ సరుకులకే స్వయంపాకమని పేరు. ఇప్పటికీ తద్దినాలకూ పండగలకూ బ్రాహ్మలకు ఇస్తూనే వున్నాం. గమనించారా? ఆ మాటలో 'స్వయం' అంటే మగవాడు. తినేవాడే వండుకునేవాడు. మాటకీ చేతకీ తేడా లేదు.

మరి ఈ కాటేజీల్లో 'స్వయం' ఎవరు? తినేది 14 మంది, వండేది అయిదుగురు, ఆ అయిదుగురూ ఆడవాళ్ళే అయినప్పుడు దాన్ని 'సెల్ఫ్' అనడం ఏ భాషలో న్యాయం? ఇదీ నా తగాదా.

ఆ ఇళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే 'పెద్దావిడకి అక్కడి చలి పడలేదు, అందుకే రాస్తోంది' అంటారు. మా అబ్బాయి లీడ్సులో వుంటాడు. మే నెలాఖరున అక్కడ బడులకు వారం రోజులు సెలవులిస్తారు. ఆ వారానికి నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళు కలిసి యార్క్‌షైర్ డేల్స్‌లో వొక పొలంలో పక్కపక్కనే వున్న రెండు కాటేజీలు తీసుకున్నారు. మొగుళ్ళూ పెళ్ళాలూ ఎనిమిది మంది, పిల్లలు నలుగురు, మేమిద్దరం.

చెప్పొద్దూ, కళ్ళు చెదిరే చోటు. సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండల మీదికి పాకిపోతూ వుంటాయి. నల్లని మొహాలు, మెలికలు తిరిగిన కొమ్ములు వున్న గొర్రెలు మనల్ని చూసి ఏమీ పట్టనట్టు మేస్తూ వుంటాయి. పొలాల మధ్య ఎక్కడికక్కడ రాతి కొట్టాలు. పూర్వం చలికాలమంతా కింద ఆవుల్ని కట్టేసి, పైన ఎండుగడ్డి దాచేవారట. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. 1954లో ఆ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు గాని, పేరు విని మనం అనుకునే తోటలాంటిది కాదది. లోపల ఊళ్ళున్నాయి, సేద్యం వుంది, సంసారాలున్నాయి.

అక్కడి రైతులు కూడా సరదాకి ఈ వ్యాపారంలోకి దిగలేదు. 2001లో గాలికుంటు జబ్బు వచ్చి దేశం మొత్తం మీద 60 లక్షలకు పైగా గొర్రెల్నీ పశువుల్నీ పందుల్నీ చంపేయాల్సి వచ్చింది. పొలాల్లోంచి పోయే కాలిబాటలు మూసేశారు. జనం రావడం మానేశారు. గొర్రెలు పోతే ఎంత కష్టమో వచ్చేపోయే వాళ్ళు లేకపోయినా అంత కష్టమని పల్లెలకి అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాత ఐరోపా సమాఖ్య నుంచి బయటికొచ్చాక, ఇంగ్లండు రైతులకు భూమి లెక్కన ముట్టే సొమ్మును 2021 నుంచి ఏటా తగ్గించుకుంటూ వచ్చారు. గొర్రెల మీద వచ్చేది చాలకపోతే కొట్టం మీద నాలుగు రాళ్ళు సంపాదించుకోవడంలో తప్పేముంది? మేం దిగేసరికి బల్ల మీద పాలసీసా, రొట్టె, అరడజను కోడిగుడ్లు పెట్టి వుంచారు. మర్యాద తెలిసిన మనుషులు.

నా తగాదా వాళ్ళతో కాదు. మనవాళ్ళతో.

ప్రయాణానికి నెల ముందే మగవాళ్ళు ఫోనులో వొక జట్టు కట్టారు. ఏ దారిన వెళ్ళాలి, ఏ రోజు ఏ కొండెక్కాలి, ఎన్ని మైళ్ళు నడవాలి, వానకోట్లు ఎవరివి ఎవరికి సరిపోతాయి. అబ్బ, ఎంత శ్రద్ధండీ! ఆ జట్టులో తిండి మాట వొక్కసారి కూడా రాలేదు. ఎందుకొస్తుంది, ఆడవాళ్ళకి వేరే జట్టుందిగా! ఇందులో కొండల మాట లేదు. ఇడ్లీ పిండి ఎవరు రుబ్బి తెస్తారు, కందిపొడి ఎవరింట్లో వుంది, ఆవకాయ సీసా దారిలో కారకుండా మూతకి ఏం చుట్టాలి, పెరుగు తోడుకి ఎలా, చంటివాడికి మెత్తటి అన్నం ఎందులో వండాలి. చివరికి కారు డిక్కీలో పది కిలోల బియ్యం, అయిదు లీటర్ల కుక్కరు, పోపులడబ్బా, అప్పడాలు, చారుపొడి, ఇంకా ఎన్నో. మా వారు చూసి, "ఇదేమిటే, విహారయాత్రా, ఇల్లు మారడమా?" అని నవ్వారు. ఆయన సంచిలో రెండు చొక్కాలూ వొక పుస్తకమూ వున్నాయి.

అక్కడి పొయ్యి ఇండక్షన్‌ది. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె అయితేనే వేడెక్కుతుంది. మన అల్యూమినియం కుక్కరుని దానిమీద పెడితే తపస్సు చేస్తున్నట్టు కూర్చుంది. సరే, వాళ్ళ స్టీలు గిన్నెల్లో మూడు విడతలుగా అన్నం వార్చుకున్నాం. ఎండుమిరపకాయలు పోపులో వేశామో లేదో, పొగొస్తే కూసే గంట ఇల్లెగిరిపోయేలా కూసింది. అప్పుడొచ్చారు మగవాళ్ళు వంటింట్లోకి, పరుగు పరుగున. తువ్వాళ్ళు విసిరి దాని నోరు మూయించి, "వాసన అదిరిపోయింది ఆంటీ" అని మెచ్చుకుని, మళ్ళీ వెళ్ళి సోఫాల్లో కూర్చున్నారు.

లెక్క చెప్పమంటారా? 14 మందికి రోజుకి మూడు పూటలు, నిండుగా ఆరు రోజులు. 252 కంచాలు. నడకకి వెళ్ళేవాళ్ళకి కట్టిచ్చిన పులిహోర పొట్లాలు అందులోవే. వానలో తడిసొచ్చి అడిగిన పకోడీలు మాత్రం లెక్కలో లేవు. గిన్నెలు కడగడానికి మెషీనుందిగా అంటారు. వుంది. దాన్లో సర్దేదీ, తీసి అలమారలో పెట్టేదీ, మాడిన అడుగు పట్టి రుద్దేదీ మెషీను కాదు.

ఆ దగ్గర్లోనే హార్డ్‌రా ఫోర్స్ అని వొక జలపాతం వుంది. దాదాపు నూరడుగుల ఎత్తునుంచి వొక్క ధారగా దూకుతుంది. నాలుగో రోజు పొద్దున్న అందరూ దానికి బయల్దేరారు. మా కోడలు బూట్లు కూడా తొడుక్కుంది. అంతలో, తిరిగొచ్చాక పిల్లలు ఆకలంటారు, మధ్యాహ్నానికేమిటన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న వేసింది మగవాళ్ళు, చూసింది ఆడవాళ్ళ మొహాలు. "మీరు పదండి, నేను పప్పు దింపి వెనకాలే వస్తాను" అంది మా కోడలు. నేనుండి చూసుకుంటానంటే వినలేదు. బూట్లు విప్పేసింది. వెనకాలే రావడానికి ఇంక కారు మిగిల్తే కదా! సాయంత్రం మా అబ్బాయి ఆ జలపాతాన్ని ఫోనులో చూపించాడు. "బావుంది" అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆ పిల్ల ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తుంది. వారానికి అయిదు రోజులు నిలువుకాళ్ళ మీద నిలబడే పని. ఏడాదికి లెక్కగా ఇచ్చే సెలవుల్లోంచి ఆ వారం తీసుకుంది. ఆసుపత్రిలో సెలవు చీటీ పెట్టింది, వాళ్ళు ఇచ్చారు. వంటింటికి పెట్టే సెలవు చీటీ ఎవరి చేతికివ్వాలో మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

నేను ఊరుకోలేదు. ఆ రాత్రే అడిగాను మా అబ్బాయిని. "హోటలుకైతే దీనికి మూడింతలవుతుందమ్మా" అన్నాడు. అవుతుంది కామోసు. మరి ఆ మిగిలిన రెండింతలూ ఎక్కణ్ణుంచి వచ్చాయి నాన్నా? వండేవాడి జీతం, వడ్డించేవాడి జీతం, అంట్లు తోమేవాడి జీతం హోటలు బిల్లులో వుంటాయి. కాటేజీ బిల్లులో వుండవు. అంత మాత్రాన ఆ పనులు లేకుండా పోయాయా? పనులు పనులుగానే వున్నాయి. జీతాలు పోయాయి. ఎవరి జీతం మిగిల్చుకుని మనం కొండలెక్కుతున్నామో కాస్త చూసుకోవద్దూ?

ఇవి ఆడవాళ్ళ సణుగుళ్ళనుకునే వాళ్ళకి సర్కారు వారి లెక్కలే చెబుతాను. మన దేశంలో 2019లో కాల వినియోగం మీద సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానిమీద వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్ళీ చూశారు. 289, 88! ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గిందని సంతోషిద్దామనుకుంటే, మగవాళ్ళకీ తొమ్మిది తగ్గింది. అదయినా ఎంతో కొంత చేసే మగవాళ్ళ సంగతి. బొత్తిగా ముట్టుకోని మహానుభావులు ఆ సగటులోకే రారు. ఇవన్నీ మామూలు రోజుల లెక్కలు. సెలవులకని వెళ్ళి 14 మందికి వండితే ఎన్ని నిమిషాలవుతుందో రాసుకోవడానికి ఆ సర్వే వాళ్ళెవరూ మా కాటేజీకి రాలేదు.

ఇంగ్లీషు ఇల్లాళ్ళకి ఈ కిటుకు ఏనాడో తెలుసు. మిల్లు కూలీల కుటుంబాలు సెలవులకి బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్ళే రోజుల్లో, గది అద్దెకిచ్చిన ఇంటావిడకి సరుకులు కొని తెచ్చి ఇచ్చేవారట. వండేది ఆవిడ. ఉప్పూ మిరియాల బుడ్లు బల్ల మీద పెట్టినందుకు కూడా వేరే డబ్బులు వసూలు చేసేదని ఆవిడ మీద బోలెడు హాస్యాలు. చేస్తే చేసింది, వండింది కదా! తర్వాత 1936లో బిల్లీ బట్లిన్ అనే ఆయన స్కెగ్‌నెస్‌లో సెలవుల శిబిరం తెరిచాడు. బస, భోజనం, ఆటపాటలు అన్నిటికీ కలిపి వొకటే ధర. 1938లో జీతం కోసుకోకుండా సెలవులిచ్చే చట్టం వచ్చింది. ఇంక ఆ శిబిరాలకి జనం విరగబడ్డారు. ఆటపాటల కోసమే అనుకుంటున్నారా? నన్నడిగితే కాదంటాను. ఏడాదికొక్క వారం, తను వండనిది, తను వడ్డించనిది, ఎవరో తెచ్చి ముందు పెడితే కూర్చుని తినడం! దానికోసం ఇల్లాలు ఏడాదంతా పైసా పైసా కూడబెట్టి వుంటుంది. కాలక్రమాన ఆ శిబిరాల్లోకీ సొంత వంట పద్ధతి వచ్చింది. గంట కొట్టినప్పుడే తినక్కర్లేదు, ఇష్టమైనప్పుడు ఇష్టమైనది తినొచ్చు, ఇదే అసలైన స్వేచ్ఛ అన్నారు. తినేవాడికి స్వేచ్ఛే, కాదన్నదెవరు?

అంతదూరం ఎందుకు, కార్తీకమాసంలో మనం వనభోజనాలకి వెళ్ళమూ? చందాలు వేసుకుని వంటవాళ్ళని మాట్లాడుకుంటాం. ఉసిరిచెట్టు కింద విస్తరి ముందు అందరం వరసగా కూర్చుంటాం. ఆ పాటి ఇంగితం కాటేజీ తాళంచెవి చేతికి రాగానే ఎటు పోతుందో!

"మిమ్మల్ని వండమన్నదెవరు? రొట్టె తిని వుండలేమా?" అని వొక వాదన. వినడానికి ఎంత ఉదారంగా వుంటుందో! మూడో రోజు పొద్దున్న అలాగే రొట్టెలు కాల్చి, డబ్బా చిక్కుళ్ళు వెచ్చబెట్టి పెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికి వొకాయన, "కాస్త చారన్నం వుంటేనా..." అని కిటికీలోంచి గొర్రెలకేసి చూస్తూ అన్నాడు. గొర్రెలు చారు పెట్టవు కదండీ.

"ఆడవాళ్ళంతా వంటింట్లో చేరి నవ్వుకుంటూ సరదాగా చేసుకుంటుంటే మీకేం?" అని ఇంకొకటి. నిజమే, నవ్వుకున్నాం. నాలుగిళ్ళ ఆడవాళ్ళు కూడితే కబుర్లకేం తక్కువ? కానీ ఆ కబుర్లు జలపాతం దగ్గర కూర్చునీ చెప్పుకోగలం. నోరు కదలాలంటే చేతిలో గరిటె వుండి తీరాలన్న నియమం లేదు.

"మాకు వంట రాదు" అన్నది మూడోది. పాకశాస్త్రానికి దేశమంతా చెప్పుకునే పేర్లేమో నలుడివీ భీముడివీ! పెళ్ళిళ్ళలో వెయ్యిమందికి గుండిగలు దించేది మగవాళ్ళు! కంప్యూటర్లకి ప్రాణం పోసే బుర్రలకి కందిపప్పు ఎన్ని నీళ్ళలో ఉడుకుతుందో తెలుసుకోవడం అంత బ్రహ్మవిద్యా?

అలాగని మనవాళ్ళలో అందరూ అమాయకులేం కాదు. ఆ జట్టులో వొకమ్మాయి మొగుడు పాపం, నాలుగో రోజు రాత్రి చపాతీలు వొత్తుతానని వచ్చాడు. "మీరు పిండంతా పాడుచేస్తారు, వెళ్ళండి" అని తరిమేసింది. చపాతీ గుండ్రంగా రాకపోతే కొంపలు మునుగుతాయా? ఇంగ్లండు పటంలా వచ్చినా కడుపులోకే పోతుంది. అలాంటి తల్లులకి చెప్పేదేమంటే, ఆ పటాన్ని తినడం నేర్చుకోండి.

కాటేజీలో వంటిల్లే వుండకూడదని నేననను. చంటిబిడ్డ పాలు వెచ్చబెట్టుకోవాలి. మా వారిలాంటి పథ్యం మనిషికి పెరుగన్నం కావాలి. మాంసం ముట్టని వాళ్ళకి పరాయి ఊళ్ళో సొంత పొయ్యి వొక ధైర్యం. పొయ్యి వుంటే తప్పులేదు. పొయ్యి ముందు ఎవరు నిలబడాలో అడక్కుండానే తేలిపోవడమే తప్పు.

శనివారం పదిగంటలకి ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి వేరేవాళ్ళు దిగుతారు. ఆ ఆరుగంటల్లో రెండిళ్ళూ ఊడ్చి, తుడిచి, స్నానాలగదులు కడిగి, పడకలకి కొత్త దుప్పట్లు వేసేది ఎవరనుకున్నారు? రైతుగారి భార్య. మొగుడు గొర్రెల్ని చూసుకుంటాడు, ఈ ఇళ్ళ గొడవంతా ఆవిడదే. ఉతికిన దుప్పట్ల మోపు మోసుకుంటూ వచ్చింది. మేము అప్పటికే పాత దుప్పట్లు తీసి మడతపెట్టామని చూసి ఎంతో సంతోషించింది. మా కోడలి చేత అడిగించాను, "మరి మీరు సెలవులకి ఎక్కడికి వెళతారు?" అని. ఆవిడ పకపకా నవ్వి, ఏడాదికి నాలుగు రోజులు దొరికితే వొక చిన్న హోటలుకి వెళతామనీ, గదిలో పొయ్యి లేదు కదా అని ముందే గట్టిగా కనుక్కుని మరీ డబ్బు కడతాననీ చెప్పింది. మా కోడలూ ఆవిడా వొకళ్ళ మొహం వొకళ్ళు చూసుకున్నారు. అక్కడికి వచ్చేముందు దుప్పట్లు సిద్ధం చేసింది ఆవిడ, వచ్చాక అన్నం సిద్ధం చేసింది ఈ పిల్ల. మధ్యలో హాయిగా సెలవు గడిపిన వాళ్ళు అప్పుడు కార్ల దగ్గర నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అని హారను కొడుతున్నారు.

మన హైదరాబాదు పక్క మొయినాబాద్, శంకరపల్లి వైపు కూడా తోట ఇళ్ళు రోజుకింతని అద్దెకిస్తున్నారు. అక్కడ మనం వండక్కర్లేదని ఎవరో గొప్పగా చెప్పారు. వండేది కాపలా మనిషి భార్యట. ఆవిడకెంత ముడుతుందని అడిగాను. "అదేమో తెలీదు, అద్దెలో కలిసే వుంటుంది లెండి" అన్నారు.

ఆగస్టు నెలాఖరు సెలవులకి మళ్ళీ అలాంటి కాటేజీకే వెళదామని మా అబ్బాయి జట్టు మొదలెట్టింది. ఈసారి నా షరతులు ముందే రాసిచ్చాను. రోజుకొక ఇంటివాళ్ళ వంతు కాదు, రోజుకొక మనిషి వంతు. వంతు వచ్చినవాడే సరుకులు తెచ్చుకోవాలి, వాడే అంట్లు సర్దాలి. వొకరోజు పూర్తిగా రొట్టె, ఎవరూ నిట్టూర్చకూడదు. రెండు పూటలు బయట భోజనం, ఆ ఖర్చు అద్దెతోపాటే ముందుగా జమ కట్టాలి. చివరి రోజు దుప్పట్లు తీసేది మగవాళ్ళు. కుక్కరు మార్చి కొత్తది కొనే బాధ్యత కూడా వాళ్ళదే, అడుగుకి అయస్కాంతం పెట్టి చూసి మరీ.

రెండు రోజులు ఫోనులో చప్పుడు లేదు. మూడోనాడు మా అబ్బాయి పలికాడు. "అన్నీ వొప్పుకున్నాం గానీ అమ్మా, మా వంతు రోజున మాత్రం నువ్వు కాస్త దగ్గరుండాలి."

వుంటాను నాన్నా. మీ ఆవిడా నేనూ జలపాతం దగ్గరుంటాం.